అట్టపెట్టెలో రావణుడు

1843వ సంవత్సరమున లండను నగరమందు హెన్రీ కోల్ అను పెద్దమనిషి, క్రిస్మసునాటికి మిత్రులందరికిని వేర్వేరుగా జాబులు వ్రాయుటకు తీరిక చాలక, ఒక బొమ్మ గీయించి, అచ్చొత్తించి, అందరికిని దానినే పంపి చేతులు దులుపుకొనెనట. శుభాకాంక్షల కార్డు కాలము ఆదా చేయుటకే పుట్టినదన్నమాట. దానిని ఇంటిలో చేతితో చేయబూనినచో నెలదినములు పట్టుననియు, ఆ నెలదినములును భోజనపు బల్లమీద భోజనమునకు చోటుండదనియు కోల్‌గారు ఊహించియుండరు. మా ఇంటి ఇల్లాలు మాత్రము మొదటి దినముననే ఊహించెను.

కాగితము, గుడ్డ, జరీ, పొట్టు, గవ్వ మొదలగు నానాపదార్థములను ఒక్క ఫలకముమీద కూర్చు విద్యకు మిశ్రమ మాధ్యమ కళయని నాగరికులు నామకరణము చేసిరి. పశ్చిమ కనుమల చాటున పడి, నైరృతి మేఘములు వట్టిచేతులతో దాటిపోవుచుండగా, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలక్షేపము చేయు ఈ అనంతపురపు మెట్టనేలపై పుట్టినవానికి ఆ విద్య ఎవరును నేర్పనక్కరలేదు. మా అవ్వ బుడ్డల పొట్టును పొయ్యికిని, చింతగింజలను బంకకును, చిరిగిన చీరను బొంతకును, బొంత చిరిగినపిదప దానిని గుమ్మము ముందటికిని పంపెడిది. ఇంటిలో పారవేయదగిన వస్తువేదియు లేదని ఆమె సిద్ధాంతము. నేను ఆ సిద్ధాంతమునకు రంగువేసి చట్రము కట్టితిని, అంతియే భేదము.

దసరాకు మా బావమరిదికి పంపుటకై పూనుకొన్నది రావణుడు. క్రింది చీటీని లాగినచో పది తలలును ఇటునటు తిరుగవలెను. మడత విప్పినచో లంకాపురము లేచి నిలువవలెను. లంకకు గట్టి అట్ట కావలసివచ్చి ధర్మవరము పోయి, నేతపని చేయు మిత్రుని ఇంట మూలబడియున్న జాకార్డు అట్టలను అడిగితిని. "మగ్గానికే పనికిరానివి నీకేం పనికొస్తాయప్పా?" అని అతడు నవ్వెను గాని, ఒక కట్ట కట్టి ఇచ్చెను. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశమందు జాకార్డు అనునతడు పన్నిన యుక్తి ఇది: అట్టలో తూటున్నచోట సూది లోనికి దూరి దాని దారము పైకి లేచును, తూటు లేనిచోట దారము అణగియుండును, అట్లు తూట్ల అట్టల దండ తిరుగుచుండగా పట్టుచీర కొంగుమీద హంస నడచును. ఆ అట్టను ఎండకెత్తి చూచితిని. వరుసలు వరుసలుగా వెలుగు చుక్కలు! మిత్రుని తాతగారి కాలపు హంసలు నా లంకకు కిటికీలైనవి.

తలలను కదలించు సంగతి మాత్రము నాకు కొరుకుడుపడలేదు. అందుకు నిమ్మలకుంట పోవలసివచ్చెను. ధర్మవరము చెంతనున్న ఆ పల్లెలో తోలుబొమ్మలవారు మేకతోలును శుభ్రపరచి, బిగలాగి ఎండబెట్టి, వెలుగు చొచ్చునంత పలుచన చేసి, రెండువైపులను రంగులు నింపి, చిన్న ఉలులతో తూట్లు పొడుతురు. తెరవెనుక దీపము పెట్టగనే ఆ తూట్లే కిరీటములును, హారములును, వడ్డాణములును అగును. చీరలోనేమి, తోలులోనేమి, ఈ సీమలో తూటే ఆభరణము. మా మిద్దె పైకప్పునందును అట్టి ఆభరణములు కొన్ని కలవు గాని, వానిని ప్రదర్శించుటకు వాన రావలెను. ఆ పల్లెవారైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించెను. ఇప్పుడక్కడ ఆటలకంటె దీపపు గూళ్లకును, గోడబొమ్మలకును గిరాకి హెచ్చు. ఆ ఆటలలోని హాస్యగాడు జుట్టుపోలిగాడు తెరదిగి పట్టణపు వసారాలలో దీపము చుట్టును వ్రేలాడుచున్నాడు.

అచటి వృద్ధుడొకడు నా రావణుని చేతబట్టుకొని, తలలను ఒక్కొక్కటిగా కదిపిచూచి, "ముడి బిగిస్తే బొమ్మ సచ్చిపోతాది సామీ, వదిలేస్తే తాగినోని మాదిరి ఊగుతాది. గోరు దూరేంత సందుండల్ల" అని, నా ఇత్తడి పిన్నును పీకి, దారము పోసి, ముడివేసి చూపెను. కనురెప్పపాటులో దశకంఠుడు నన్ను కాదని తల ఊపెను. 1540లో జర్మనీ దేశమందు ఆపియాను అను పండితుడు కాగితపు చక్రములను ఒకదానిపై ఒకటి తిరుగునట్లు అమర్చి, గ్రహగతులను తెలుపు గ్రంథమును చక్రవర్తికి సమర్పించెను. ఆయన చక్రములకును ఆ గోరంత సందు లేనిదే గ్రహములు కదలియుండవు.

మరియొక మాట. 2022 ఏప్రిల్ 4వ తేదీన ప్రభుత్వమువారు మా జిల్లాను నడిమికి మడతపెట్టగా, ధర్మవరము, నిమ్మలకుంట, లేపాక్షి, తిమ్మమ్మ మఱ్ఱిమాను అన్నియు శ్రీ సత్యసాయి జిల్లా వైపు మడతలో పడినవి. మడతపెట్టుటలో ఏలికలకున్న నైపుణ్యము నాకు ఎన్నటికి అబ్బునో!

ఇక అతికించుట. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండ చిటికెడు మైలుతుత్తము కలిపి, కుంచెతో పూయుట పాతపద్ధతి. ఈ ఎండలో ఆ బంక కుంచెమీదనే ఆరిపోవును. కిటికీ మూసినచో నేను ఉడుకుదును. తెరచినచో రామగిరి గుట్టలమీది గాలిమరలను త్రిప్పు ఆ గాలియే వచ్చి, జరీపోగులను, బుడ్డల పొట్టును, కత్తిరించి వరుసపెట్టిన రాక్షస సైన్యమును ఇల్లంతయు మోహరించును. ఒకనాటి మధ్యాహ్నము వంటింటినుండి ప్రశ్న వినవచ్చెను: "ఏమండీ, మీ రావణుని తలకాయ ఒగటి చారులో పడిండాది. తీసి ఆరేసేదా, పారబోసేదా?" పారబోయవలదని మనవి చేసితిని. చారు రంగు పట్టిన ఆ తలయే తక్కిన తొమ్మిదింటికంటె జీవకళతో నుండెనని ఇంటికి వచ్చినవారందరును అనిరి. చింతపండును నా వర్ణద్రవ్యముల పట్టికలో చేర్చుకొంటిని.

తపాలా కార్యాలయమున గుమాస్తా కవరును వ్రేళ్లతో నొక్కి, "లోపల ఏముండాది సార్?" అని అడిగెను. రావణుడంటిని. "కవరా, పార్సలా?" అనెను. మందము చూచినచో పార్సలు, మర్యాద చూచినచో కవరు. లంకను మడచినను అది అంగుళము మందముండెను గనుక పార్సలు రుసుమే చెల్లించితిని.

మా బావమరిది కాకినాడ కాపురస్థుడు. దసరానాడు ఫోను చేసెను. "బావగారూ, లంక భలే లేచిందండీ! కాని చీటీ లాగితే రావణాసురుడు పది తలలూ ఒకే పక్కకి తిప్పేసుకుని బిగుసుకుపోయాడు. మా సముద్రపుగాలికి అట్ట ఉబ్బిపోయిందనుకుంటాను. కాస్త ఎండలో పెడదామంటే ఇక్కడ వారంనుంచి ఒకటే వానండీ."

ఎండకేమి కొదువ, ఎంత కావలసిన అంత పంపుదును; బదులుగా ఆ వానను కొంచెము కట్టి పంపుమంటిని. పార్సలైనను సరే, రుసుము నేనే చెల్లింతునంటిని.