పచ్చళ్లవారి అంతర్జాల విజయము

కావ్యాదిలో ఇష్టదేవతను తలచుకోవడం ఆచారం. 1955లో ఇంగ్లండు నుంచి వచ్చి, బరానగర్‌లోని భారతీయ గణాంక సంస్థలో కొలువుతీరిన హెచ్‌ఈసీ-2ఎం అనే కంప్యూటరుకు, ఈ దేశపు తొలి డిజిటల్ కంప్యూటరుకు, ముందుగా నమస్కారం. ఇక కథ.

అదే కలకత్తాలో, కాళీఘాట్‌కు అనతిదూరంలో, రాస్‌బిహారీ అవెన్యూ అనే మహాపథం పక్కన, లేక్ మార్కెట్ అనే దాక్షిణాత్య దుర్గం కలదు. కాఫీ గింజల వేపుడు పొగ దాని ధ్వజం, అరటాకుల కట్టలు దాని తోరణాలు. అందులో ఒక తెలుగువారి పచ్చళ్ల కొట్టు. జాడీలు ఏనుగులు, పొడుల పొట్లాలు కాల్బలం. ఏలిక మన కథానాయకుడు: ధీరోదాత్తుడు, నోటిలెక్కలో అజేయుడు, పాస్‌వర్డు మాత్రం గుర్తుండనివాడు.

యుద్ధకారణం నలభై రూపాయలు. నూనె మండిపోయి గోంగూర పచ్చడి ధర 180 నుంచి 220కి ఎక్కింది. కొట్లో చీటీ మారింది, వెబ్‌సైటులో మారలేదు. సైటు కట్టిన కుర్రాడు బెంగళూరు వెళ్లిపోయాడు. ఫోను చేస్తే "మీటింగులో ఉన్నానండీ" అనే అశరీరవాణి తప్ప జవాబు లేదు. "ఇక నా ధర నేనే మార్చుకుంటాను" అని నాయకుడు ఆవకాయ జాడీ సాక్షిగా ప్రతిజ్ఞ పట్టాడు.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో పెరిగిన మేనకోడలు సారథ్యానికి ఒప్పుకుంది. రథం వీడియో కాల్. పెళ్లిచూపుల్లో గోత్రం చెప్పినట్టు ముందు వెబ్ వంశావళి చదివింది. జెనీవా దగ్గర సెర్న్ అనే ఆశ్రమంలో టిమ్ బెర్నర్స్-లీకి హెచ్‌టీఎంఎల్ పుట్టెను. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వెబ్‌ను రుసుము లేకుండా లోకానికి ధారపోసెను. 1994లో హోకన్ వియుమ్ లీ అలంకారాల కోసం సీఎస్ఎస్‌ను ప్రతిపాదించెను. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్టును కనెను (ఆ తొందర ఇప్పటికీ దాని నడకలో కనిపిస్తుంది). ఆ ఏడే ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ కలకత్తా వంటి మహానగరాలకు ఇంటర్నెట్టు గంగను దించెను.

"ఇవన్నీ నేర్వాలా?" అని నాయకుడు గాండీవం జారవిడిచాడు.

"అక్కర్లేదు మావయ్యా. ముందు డొమైన్ ఎవరి పేరున ఉందో చూడు."

చూస్తే కుర్రాడి పేరున, కుర్రాడి ఈమెయిలుతో! నన్నడిగితే అసలు కురుక్షేత్రం ఇదే. కోడ్ రాకపోయినా కొట్టు నడుస్తుంది. డొమైన్ ఖాతా మరొకరి చేతిలో ఉంటే బోర్డు మీద పేరు మనది, కోట తాళం వాళ్లది. ఏటా కప్పం కట్టడం మరిస్తే కొన్నాళ్లకు దారినపోయేవాడైనా ఆ పేరు కొనుక్కోవచ్చు. కుర్రాడు మంచివాడే. రాత్రి పదకొండింటికి మీటింగుల చెర వీడి, ఓటీపీ చెప్పి రాజ్యం అప్పగించాడు.

మర్నాడు రణం. ఇంగ్లీషు పేజీలో పచ్చడి పేరు తెలుగులో, బెంగాలీలో చేర్చి సేవ్ కొట్టాడు. తెర మీద ప్రత్యక్షమైనవి కొమ్ములూ టోపీలూ పెట్టుకున్న యూరప్ అక్షరాలు! తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులోనే ఒప్పుకుంది కానీ, ఈ బ్రౌజరుకు ఆ కబురు అందినట్టు లేదు. పేజీ నెత్తిన యూటీఎఫ్-8 అనే ఒక్క వాక్యం రాయగానే ఇద్దరు అక్కచెల్లెళ్ల లిపులూ పక్కపక్కన కొలువుదీరాయి.

ఉత్సాహం పొంగి, గోంగూర పేరు లావుగా కనిపించాలని బోల్డ్ ట్యాగు సంధించాడు. అశ్వత్థామకు మల్లే ఉపసంహారం తెలియదు. ముగింపు ట్యాగులో గీత లోపించింది. అంతే, గోంగూర, దాని కింద కందిపొడి, చిరునామా, ఆదివారం సెలవు, చివరికి ఫోను నంబరు కూడా కండలు పెంచి గర్జించాయి. చీమంత వాలుగీత ఒక్కటి పడింది, భూతాలన్నీ శాంతించాయి.

తరువాత గోంగూర చిత్రం మాయమైంది. ఇంట్లో విండోసు మీద నిక్షేపంగా దర్శనమిచ్చినది, లైనక్సు సర్వరెక్కగానే అంతర్ధానం! కెమెరా ఫైలు పేరు చివర జేపీజీ అని పెద్దక్షరాల్లో పెట్టింది, మనవాడు చిన్నక్షరాల్లో రాశాడు. విండోసు ఆ తేడా పట్టించుకోని ఉదారుడు. లైనక్సు, అక్షరాల్లో పెద్దాచిన్నా మర్యాద తప్పితే గుమ్మంలోనే ఆపేసే ఛాందసుడు.

ఇన్ని గండాలు దాటాక 180 చెరిపి 220 రాయడానికి పట్టింది అరనిమిషం. మేనకోడలు శంఖం పూరించింది. అప్పుడే గరియాహాట్ నుంచి ఒకావిడ ఫోను.

"గోంగూర రెండు సీసాలు పంపండి. నూట ఎనభై కదా?"

"రెండొందల ఇరవై అయిందమ్మా. సైట్లో మార్చాను, నేనే."

"నా ఫోన్లో నూట ఎనభయ్యే ఉందండీ."

"అది మీ ఫోను దాచుకున్న పాత పేజీ అమ్మా, క్యాష్ అంటారు," అని వీరుడు విద్య ప్రదర్శించాడు. "ఒక్కసారి రిఫ్రెష్ కొట్టండి."

"నేనెందుకు కొడతానండీ?"