ఆగడం తెలిసిన బండి

బాటసింగారం పండ్ల మార్కెట్‌కి కూతవేటు దూరంలో, హైవే పక్కన కంచె వేసిన ప్లాటు ఒకటుంది. అమ్మకానికి పెట్టిన బోర్డు వెనక తుమ్మచెట్టు, దాని కింద నేను. చక్రాల చోట ఇటుకలు పేర్చారు. ముందు అద్దం సగం పగిలింది. మిగతా సగం మీద దుమ్ములో ఎవరో పోకిరి వేలితో తన పేరు, ఇంకో పేరు రాసి మధ్యలో బాణం వేశాడు. నంబరు ప్లేటు మాత్రం చెక్కుచెదరలేదు. ‘ఏపీ 29’ అని మొదలవుతుంది, రంగారెడ్డి జిల్లా బళ్ళ నంబరు. 2014లో టీఎస్ వచ్చింది, 2024లో అది పోయి టీజీ వచ్చింది. నా జోలికి ఎవరూ రాలేదు.

పుట్టింది పంజాబ్‌లో, ఆస్రాన్ అనే ఊళ్ళో, స్వరాజ్ మాజ్దా ఫ్యాక్టరీలో. ఛాసిస్ ఒకచోట, బాడీ ఒకచోట, సీట్లు ఇంకోచోట. అందరు పిల్లల్లాగే నాకూ పురుడు గుర్తులేదు. జ్ఞాపకాలన్నీ కొత్తపేటకి వచ్చాకే మొదలవుతాయి.

కొత్తపేటలో నా మకాం పాత పండ్ల మార్కెట్ గోడ పక్కన. గడ్డిఅన్నారం మార్కెట్ అంటే తెలియనివాళ్ళు లేరు కదా. ఎండాకాలం వస్తే మామిడిపండ్ల వాసనకి ఈగలు నా సీట్లలోనే కాపురం పెట్టేవి. 2021లో ఆ మార్కెట్‌ని ఇక్కడికి, బాటసింగారం లాజిస్టిక్స్ పార్కుకి తరలించారు. తాత్కాలికం అన్నారు, కోహెడలో 178 ఎకరాల్లో పెద్ద మార్కెట్ కడతామన్నారు. ఖాళీ చేసిన చోట టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్లో శంకుస్థాపన జరిగింది. నన్నూ తాత్కాలికమనే ఇక్కడ నిలబెట్టారు. ‘రెండ్రోజుల్లో వచ్చి తీస్కపోత’ అన్నాడు ఈడ్చుకొచ్చినవాడు.

వారమంతా ఒక కంపెనీ ఉద్యోగులను మోసేదాన్ని. శని, ఆదివారాలు ఆ ఉద్యోగుల అమ్మానాన్నల వయసువాళ్ళను. పొద్దున్నే వి.ఎం. హోమ్ గ్రౌండ్‌లో నడిచి, చివర సిమెంటు బెంచీల మీద కూర్చుని బీపీలు, షుగర్లు పోల్చుకునే బృందం అది. రిటైరైనవాళ్ళకి రోజూ ఆదివారమే కదా, శనివారం దాకా ఆగడమెందుకని మొదట్లో నాకూ అనిపించేది. వాళ్ళ మాటలు విన్నాక తెలిసింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా మనవణ్ణి స్కూలు బస్సెక్కించాలి, దించుకోవాలి, గ్యాస్ బండ వస్తే తలుపు తీయాలి, పనిమనిషి వచ్చేదాకా కదలకూడదు. కొడుకూ కోడలూ ఇంట్లో ఉండే రోజునే వాళ్ళకి సెలవు. ఆఫీసు మానేశాక కూడా రెండో శనివారం కోసం క్యాలెండరు చూసుకునే మనుషులను వీళ్ళనే చూశాను.

కాలం కూడా వాళ్ళే తేల్చారు. ఎండాకాలం ఊసే లేదు. వానాకాలం జారుడు. దసరా సందడి తగ్గి కార్తీకం వచ్చిందంటే బెంచీల మీద కాగితం, పెన్ను బయటికొచ్చేవి. ఉసిరిచెట్టు కింద వనభోజనంతో మొదలుపెట్టి, మార్గశిరం, పుష్యం కానిచ్చి, శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా నాకు తీరిక ఉండేది కాదు.

ఇక నా తప్పు కాని తప్పు ఒకటి చెప్పాలి. నా మొదటి మెట్టు నేలకి ఒకటిన్నర అడుగు ఎత్తు. ఇరవై ఏళ్ళవాడికి అది మెట్టే కాదు. మోకాలు అరిగిన మనిషికి అక్కడే యాత్ర సగం అయిపోతుంది. మొదటి ట్రిప్పులో ఒక పెద్దావిడ కాలు పైకి పెట్టి, లేవలేక, దించలేక అలాగే ఉండిపోయింది. వెనక ఉన్నవాళ్ళు తోద్దామా వద్దా అని మొహమాటపడ్డారు. నా డ్రైవరు చౌటుప్పల్ దగ్గరి పల్లెటూరి మనిషి. ఆ సాయంత్రమే మార్కెట్‌లో పారేసిన పండ్ల పెట్టెల చెక్కలు ఏరుకొచ్చి, రెండేసి పలకలు జోడించి మేకులు కొట్టి ఒక పీట చేశాడు. జారకుండా పైన పాత ట్యూబు ముక్క అంటించాడు. ఇక ఎక్కడ ఆగినా ముందు పీట దిగేది, తర్వాత మనుషులు. ‘పెద్దమ్మా, జర పైలం. ఒక చెయ్యి కడ్డీ మీద వెట్టు, ఇంకోటి నా భుజం మీద వెయ్యి’ అనేవాడు. వాళ్ళు కట్టిన డబ్బులో ఆ పీటకి ఒక్క పైసా లేదు.

సీట్ల పంపకం కూడా అతనిదే. వెనక ఇరుసు దాటాక ఉన్న వరసల్లో ఎగురుడెక్కువ, కమాన్ పట్టీలు ఎంత మంచివైనా అంతే. నడుంనొప్పి వాళ్ళకి రెండు ఇరుసుల మధ్య సీట్లు. మోకాళ్ళవాళ్ళకి తలుపు పక్కన. కడుపులో తిప్పేవాళ్ళకి ముందు కిటికీ. చివరి సీటు సంచులకీ, ఇంకా అరవై దాటని కుర్రాళ్ళకీ.

ఒక సంగతి మగవాళ్ళు పట్టించుకోలేదు, అతను పట్టుకున్నాడు. ఆడవాళ్ళు బయల్దేరే రోజు తెల్లవారుజాము నుంచీ గుక్కెడు నీళ్ళు తాగరు. దారిలో బాత్రూము ఎక్కడుంటుందో, ఎలా ఉంటుందో అని. బీపీకి వేసుకునే నీటి బిళ్ళ ఉన్నవాళ్ళు అది కూడా ఎగ్గొట్టేవారు. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగేవి, అందరూ ‘ఎండ తగిలింది’ అనేవారు. డిసెంబరులో ఎండేమిటండీ! డ్రైవరు ఏ పెట్రోలు బంకులో గది శుభ్రంగా ఉంటుందో, ఎక్కడ గడియ పడదో, ఎక్కడ బకెట్టు ఉండి మగ్గు ఉండదో కంఠతా పెట్టుకున్నాడు. గంట దాటకుండా ఆపేవాడు. ‘ఇగ నీళ్ళు తాగుండ్రి, నేనున్న గదా’ అనేవాడు. రెండు మూడు ట్రిప్పులయ్యాక సీసాలు ఖాళీ కావడం మొదలైంది. విజయవాడ హైవే మీద నన్ను దాటిపోయే వోల్వోలు ఎంత వేగంగా పోయినా నాకెప్పుడూ అసూయ కలగలేదు. నా గొప్ప ఆగడంలో ఉంది.

నాగార్జునసాగర్ మావాళ్ళకి ప్రాణం. ఆగస్టు, సెప్టెంబరుల్లో గేట్లెత్తితే కుర్రకారు మోటారు సైకిళ్ళ మీద వరదలా పోతుంది. మావాళ్ళు గేట్లు దించాక, నీళ్ళు నిండుగా, జనం పల్చగా ఉన్నప్పుడు వెళ్ళేవారు. ఎల్బీనగర్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి, పెద్దవూర మీదుగా నూటయాభై కిలోమీటర్లు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, మా శనివారానికి ఆ బాధ లేదు. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకి పోయేవారు. నేను ఒడ్డునే ఉంటాను కాబట్టి అక్కడేముందో తిరిగొచ్చినవాళ్ళ నోటే విన్నాను. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ నీళ్ళ కింద ఉందట. డ్యాము కడితే లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికీ, అనుపుకీ చేర్చారట.

వాళ్ళలో ఒకాయన లాంచీ ఎక్కేవాడు కాదు. వయసులో ఉండగా డ్యాము పనిలో సూపర్‌వైజరుగా చేశాడు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాము, 1967లో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళొదిలిన డ్యాము, ఇవన్నీ ఆయనకి తెలుసు గానీ ఆయన చెప్పేది అవి కాదు. అది రాతికట్టడం. యంత్రాలు కాదు, మనుషులు తలల మీద రాళ్ళు పెట్టుకుని కర్రలు కట్టిన మెట్ల మీద వరసగా ఎక్కేవారట. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు, కింద చెట్టుకి కట్టిన చీర ఉయ్యాల్లో పిల్లలు. ఆయన నా మెట్టు మీద కూర్చుని దూరంగా 26 గేట్లనీ వేలితో లెక్కపెట్టి, ఒకటి తక్కువొచ్చిందని మళ్ళీ మొదలుపెట్టేవాడు. డ్రైవరు పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచి ఇస్తుండేవాడు. చూడాల్సిన స్థలాల పట్టీలో ఈ కూర్చోవడానికి గడి ఉండదు. ప్యాకేజీ టూరు వాడైతే ‘సార్, టైమైపోయింది’ అనేవాడే.

పానగల్లు మరో ఇష్టమైన చోటు. నల్లగొండ పక్కనే, కొండ లేదు, ఎక్కడాలు లేవు. కందూరు చోళుల నాటి ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక ఒక స్తంభం నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా ఉంటుంది. అది ఏ స్తంభం నీడో కనిపెడదామని రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన తోటివాళ్ళని స్తంభానికొకరి చొప్పున నిలబెట్టి ‘మీరు జరగండి, మీరు వంగండి’ అని కేకలేస్తుంటే, బయట ఉన్న నాకే వినిపించేది. పక్కల నుంచి వచ్చే వెలుగు, స్తంభాల వరసలు కలిసి చేసే గారడీ అని ఆయన వాదన. స్వామి మహిమ అని ఆవిడ వాదన. ఆవిడంటే మాస్టారి భార్యే. నార్కట్‌పల్లి దాకా వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు.

యాదగిరిగుట్ట గురించి పెద్దగా చెప్పను, కార్తీకంలో అక్కడ సత్యనారాయణ వ్రతాల రద్దీ మీకు తెలిసిందే. పోచంపల్లి ఆగితే చీరల కొట్ల ముందు నా ఇంజను పూర్తిగా చల్లారిపోయేది. తిరుగుదారిలో రోడ్డు పక్క సీతాఫలాల గంపలు. పండినవి ఏరడంలో ఆడవాళ్ళకీ, గంపంతా ఎత్తించాలనే మగవాళ్ళకీ తగువు. గింజలు నా కిటికీ సందుల్లో ఇప్పటికీ ఉన్నాయి.

డ్రైవరుకి చూపు మందగించింది. మానేశాడు. వెళ్తూ పీట వెంట తీసుకుపోయాడు, మంచిపనే చేశాడు. ఓనరు నన్ను అమ్మేశాడు.

రెండో ఓనరు రసికుడు. ఎక్కేచోట పట్టుకునే కడ్డీ పీకించి అక్కడ స్పీకరు పెట్టించాడు. లోపల నీలం లైట్లు. ముందు వరస సీట్లు తీసి డ్యాన్సుకి ఖాళీ చేయించాడు. పెళ్ళి బరాత్‌లు, పుట్టినరోజులు. ఒక కార్తీకంలో పాత బృందం వాళ్ళు ఫోన్ చేస్తే ‘ముసలోళ్ళ ట్రిప్పులా? గంటగంటకి ఆపమంటరు, డీజిల్ కలిసిరాదు’ అన్నాడు. ఆ మాట నాలో కూర్చునే అన్నాడు. బరాత్‌కి నన్ను నాలుగు గంటలు ఇంజను ఆపకుండా నిలబెట్టినప్పుడు డీజిల్ లెక్క ఏమైందో మరి.

2020 మార్చిలో అన్ని బళ్ళతో పాటు నేనూ ఆగాను. బ్యాటరీ చచ్చింది. టైర్లు ఒక్కోటే గాలి దిగి, నా బరువు నేనే మోయలేక ఒక పక్కకి ఒరిగాను. తర్వాత ఇక్కడికి ఈడ్చుకొచ్చారు. మొదట స్టెప్నీ పోయింది. తర్వాత బ్యాటరీ, సెల్ఫు, రేడియేటరు, ఆఖరికి ఇంజను. పగలే వచ్చి, తీరిగ్గా టీ తాగుతూ విప్పారు. వెనక సీటు మార్కెట్ గేటు దగ్గర టీకొట్టు ముందు వేశారు. బత్తాయి లారీల డ్రైవర్లు దాని మీద నడుం వాలుస్తారని విన్నాను. ఎగుడుదిగుడు సీటని ఎవరూ కోరుకోనిది ఇప్పుడు అందరికీ కావాల్సొచ్చింది. లోపల కుక్క పిల్లల్ని పెట్టింది. వానాకాలం నేల తుప్పు పట్టి చిల్లులు పడింది, గడ్డి లోపలికే మొలిచింది. పాత ఇనుము వాడు వచ్చి చుట్టూ తిరిగి, రేకు తన్ని చూసి, ఓనరు చెప్పిన రేటుకి నవ్వి వెళ్ళిపోతాడు. అప్పుడు తన్నే తన్ను కూడా ఎప్పుడూ తలుపు మీదే.

మావాళ్ళ ప్రయాణాలు ఏమయ్యాయో వచ్చేపోయే మాటల్లో వింటుంటాను. రైళ్ళలో అరవై దాటిన మగవాళ్ళకి 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకి 50 శాతం ఉండే రాయితీ 2020 మార్చిలో ఆపారు. కరోనా పోయింది, రాయితీ రాలేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. దాంతో ఆధార్ కార్డు పట్టుకుని గుట్టకి గుంపుగా పోతున్నారట, టికెట్టు ఆయనొక్కడికే. ఆర్టీసీ బస్సు నా కూడు లాక్కుందని బాధలేదు. కానీ దాని మెట్టూ ఎత్తే, పీట లేదు, అడిగినచోట ఆగదు. మిగతావాళ్ళు పిల్లల కార్లలో వెళ్తారు. కారు దిగడం సులువే, ఆపమని అడగడమే కష్టం.

పోయిన మార్గశిరంలో, మంచు ఇంకా విడవని పొద్దున ఒక కారు ఈ ప్లాటు ముందు ఆగింది. ఆగడం ఇష్టంలేని ఆగడం అది, ఇంజను నడుస్తూనే ఉంది. ‘అమ్మా, ఇంకో ఇరవై నిమిషాల్లో ఫుడ్ కోర్టు వస్తుంది, అంతదాకా ఓర్చుకోలేవా?’ అంటున్నాడు కొడుకు, ఫోనులో మ్యాపు చూస్తూ. ఆమె జవాబు చెప్పకుండా దిగింది. రోడ్డు మీద వరసగా లారీలు. అటూ ఇటూ చూసింది, నన్ను చూసింది, కంచె సందులోంచి వచ్చి నా వెనక్కి వెళ్ళింది. ఇంజను లేకపోయినా, చక్రాలు లేకపోయినా నాకు ఇంకా ఇరవై అడుగుల పొడవుంది, హైవేకి అడ్డంగా నిలబడడానికి అది చాలు. కుక్క ఒకసారి మొరగబోయి ఊరుకుంది. ఆమె లేచి, చీర సర్దుకుని, సీసాలో నీళ్ళతో చేతులు కడుక్కుని, మిగిలిన నీళ్ళు తాగింది. కొడుకు హారన్ కొట్టాడు. ఆమె షాలు భుజాల మీదికి లాక్కుని ఎండ తగిలే వైపుకి వచ్చి నిలబడింది. మళ్ళీ కొట్టాడు. కొట్టుకోనీ. మా బండిలో హారన్ డ్రైవరు చేతిలో ఉండేది, ‘ఇక పోనీ’ అనే మాట మాత్రం ఆఖరున ఎక్కిన మనిషిది.