అధ్యక్షులవారి ప్రకటన

బ్రాడీపేటలో చిరునామాలు భిన్నాంకములుగా నుండును. 4/14 అనినచో నాలుగవ లైను, పదునాలుగవ అడ్డరోడ్డు అని గుంటూరు ఆటోవానికి వేరుగ బోధింప నక్కరలేదు. ఆసుపత్రులు, మందులషాపులు, న్యాయవాదుల నామఫలకములు, కోచింగ్ సెంటర్లు కిక్కిరిసిన యీ భిన్నాంకముల నడుమ, ఏదో యొక లైనునందు పూర్ణపురుషులొకరు తప్పక నివసించుచుందురు. తలిదండ్రులు పెట్టిన పేరొకటి వారికి లేకపోలేదుగాని, పేటవారందరు 'అధ్యక్షులవారు' అనియే వ్యవహరింతురు. ఏ సంఘమునకు అధ్యక్షులని యడుగుట అమర్యాద. పరిరక్షణ వేదిక పోయి సాధన సమితి వచ్చును, సాధన సమితి పోయి ఐక్య కార్యాచరణ సమితి వచ్చును, లెటర్‌హెడ్డు మారును, అధ్యక్షత మాత్రము వారిని విడువదు. కోశాధికారి బావమరది, తక్కిన కార్యవర్గమంతయు ఫోటో తీయువేళకు శంకర్ విలాస్ సెంటరులో దొరికినవారు.

జిల్లా పత్రికల ఆయువుపట్టు వారికి తెలిసినంతగా అన్యులకు తెలియదు. సమావేశము ఉదయము పదకొండు గంటలకే పెట్టవలెను. పొద్దు వాలినపిదప చేరిన వార్తకు జిల్లా పేజీలో చోటు కరవగును. ప్రెస్ నోటు ఒక పుట దాటరాదు. మొదటి వాక్యమున తన పేరు, రెండవదానిలో డిమాండు, మూడవదానిలో 'లేనియెడల ఆందోళన ఉద్ధృతము చేయుదుము' అను హెచ్చరిక యుండవలెను. ఫోటోలో అయిదుగురికి మించి నిలువరాదు. మించినచో సింగిల్ కాలమునకు కుదించునపుడు అంచుననున్న వాని చెవి తెగును, చెవి తెగినవాడు మరల సమావేశమునకు రాడు.

ఇక టీవీలవారు వచ్చినపుడు వారి ప్రజ్ఞను చూచి తీరవలెను. బల్లమీది లోగోలను స్వహస్తములతో సవరింతురు: పెద్ద చానెలు నడుమ, యూట్యూబు చానెళ్లు అటునిటు, ఏ లోగోయు తమ గడ్డమున కడ్డురాకుండ. నీళ్లసీసా బల్లక్రిందికి పోవును. కండువా సర్దుకొని, 'రెడీయా బాబూ?' అని కెమెరా కుర్రవానిని ప్రేమగా నడిగి, వాడు బొటనవ్రేలు చూపిన మరుక్షణమున, అంతవరకు ప్రసన్నముగానున్న ముఖమున ఆగ్రహమును నిలుపుదురు. ఆ యాగ్రహమున కిరువది క్షణముల ఆయువు. దానికే బైటు అని పేరు. 'అన్నా, లారీ హారను పడింది, ఇంకోసారి' అని కుర్రవాడు కోరెనా, అవే మాటలను, అదే కంఠకంపముతో, చూపుడువ్రేలు అంతే యెత్తున కెత్తి, పొల్లుపోకుండ పునరావృత్తి చేయుదురు. రంగస్థలముపై తల నెరసిన నటులకుగూడ ఇట్టి నిలుకడ యరుదు.

తమ విద్యకు వంశవృక్షము కలదని వారి విశ్వాసము. దేశభక్త కొండా వెంకటప్పయ్య పంతులుగారు 1902లో బందరున కృష్ణాపత్రికను నెలకొల్పినవారిలో నొకరనియు, వారు తిరుగాడిన గుంటూరుననే తామును తిరుగాడుచున్నామనియు సభలయందు చెప్పుచుందురు. అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ 1913 మార్చి 15న విలేకరుల నందరిని ఒక్కచోటికి రప్పించి వారి ప్రశ్నలకు నిలిచెనని ఎవరో విన్నవింపగా, 'ఆయనా అధ్యక్షుడేగా' అని తలయూచి యూరకుండిరి.

వారి మాటలన్నియు డొల్ల యని పాఠకులు భ్రమపడరాదు. ఆ వీథిలోని వైద్యుడొకరు తొలిసారి మైకుల యెదుట నిలువవలసివచ్చి, భయపడి సలహా యడుగగా, వారిట్లు సెలవిచ్చిరి: 'చెప్పాల్సింది ఒక్కటే పెట్టుకోండి డాక్టరుగారూ. నాలుగు చెబితే వాళ్లకు కావాల్సింది ఉంచి మీక్కావాల్సింది కోసేస్తారు. "ఇది రాయొద్దు" అని మాత్రం మొదలుపెట్టొద్దు; రాయకూడనిది అసలు అనొద్దు. లోగో తీసేశారు గదా అని నోరు వదిలేయకండి, కెమెరా ఇంకా తిరుగుతానే ఉంటది. సన్నగళ్ల చొక్కా వద్దు, తెరమీద అలలు అలలుగా కదులుతది.' ఇందులో త్రోసిపుచ్చదగిన మాట యొక్కటియు లేదు. 'తెలియనిది అడిగితేనో?' అని వైద్యుడు సందేహింపగా మాత్రము, అధ్యక్షులవారు చెవులు మూసుకొనినంత పనిచేసి, 'తెలియదు అన్న మాట మన నోట రాగూడదండీ!' అనిరి. ఇచ్చటనే వారికిని నాకును పొత్తు కుదరదు. తెలియదు, కనుగొని సాయంకాలములోగా చెప్పెదనని, చెప్పినట్లు ఫోను చేసినవానినే విలేకరి మరునాడు వెదకికొని వచ్చును. గాంధీమహాత్ముడు సోమవారములందు మౌనము పూని, అవసరమైనచో చీటీపై వ్రాసి బదులిచ్చెడివాడు. మన అధ్యక్షులవారి పంచాంగమున సోమవారమే లేదు.

ఆ లోపము మిర్చియార్డులో బయటపడినది. 2025 ఆరంభమున మిర్చిధర కూలి రైతులు గగ్గోలెత్తుచున్న దినములవి. ఫిబ్రవరిలో కేంద్రము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలునకు 11,781 రూపాయలని ప్రకటించుటకు ముందటి మాట. అధ్యక్షులవారు స్పందింపకున్న బాగుండదు. తీరిక లేమిచే, పత్తికాలమున తాము విడుదలచేసిన నోటునే వెలికిదీయించి, డీటీపీ కుర్రవానితో 'పత్తి' అన్న చోటనెల్ల 'మిర్చి' అని మార్పించిరి. యంత్రము విధేయురాలు, ఒక్క చోటును విడువలేదు. పత్తికి కేంద్రము ఏటేట మద్దతు ధర నిర్ణయించుననియు, మిర్చి ఆ పట్టికలోనే లేదనియు దానికేల తెలియును? కావున 'భారత మిర్చి సంస్థ' వెంటనే జిల్లాలో కొనుగోలు కేంద్రములు తెరవవలెననియు, తేమ 8 శాతము మించినను 12 శాతము వరకు నిరాకరింపరాదనియు, మిర్చి పింజ పొడవు విషయమున కొర్రీలు వేయరాదనియు, జిన్నింగ్ మిల్లులవద్ద మిర్చిరైతులు పడిగాపులు పడుచున్నారనియు ఆ నోటు ఘోషించెను.

యార్డులో టిక్కీలను మిర్చిబస్తాల నడుమ బల్లవేయించి, ఘాటునకు తుమ్ములాపుకొనుచు వారు దానిని చదివిరి. అందరును వ్రాసికొనుచుండ, ఉద్యోగమున క్రొత్తగా చేరిన విలేకరి అమ్మాయి లేచి, 'సార్, మిర్చి పింజ అంటే ఏంటండీ?' అనెను.

అధ్యక్షులవారు రెప్పవాల్పలేదు. 'మంచి ప్రశ్న అడిగావమ్మా! ఆ పింజ గురించే ఈ ప్రభుత్వాలకు చెప్పి చెప్పి అలిసిపోయాం.'

ప్రక్కన టిక్కీపై కూర్చున్న రైతొకడు తలపాగ విప్పి ముఖము తుడుచుకొని, 'పింజ సంగతి తర్వాత సారూ, కోత కూలీ కూడా రావట్లా. తాలుకాయలైతే అడిగే నాథుడే లేడు' అనెను. అంతే, ఎవరును సైగచేయకయే లోగోలన్నియు బల్లమీదినుండి లేచి ఆ టిక్కీ యొద్దకు నడచినవి. సవరించువారు లేక ఒక లోగో రైతు గడ్డమునకు పూర్తిగా అడ్డుపడెను. అయినను ఆ రాత్రి తెరపై వచ్చినవి అతని మాటలే.

మరునాడు ఒక పత్రిక 'మిర్చి పింజ'ను బాక్సు కట్టి ప్రచురించెను. అధ్యక్షులవారు ఉదయమే మేల్కొని, తమ వ్యాఖ్యలను వక్రీకరించిరని తీవ్రముగా ఖండించిరి. ఖండన ఫోటోతో పడెను. రెండు దినములకు 'తమ యుద్దేశము రైతు సంక్షేమమే' యని వివరణ వెలువరించిరి, అదియు పడెను. మూడు కత్తిరింపులను దస్త్రమున అంటించి, డీటీపీ కుర్రవానిని పిలిచి, 'ఆ ఖండన చెరిపేయకురా. తేదీ ఒక్కటీ మారిస్తే మళ్లీ పనికొస్తది' అని యాజ్ఞాపించిరి.