ఆటల అరలో ఎవరెస్టు

నేను 1922లో లండన్‌లో అచ్చయిన పుస్తకాన్ని. నా పేరు ‘మౌంట్ ఎవరెస్ట్: ది రికనైసెన్స్, 1921’. ఎవరెస్టుకు దారి ఎటునుంచి ఉందో చూసి రావడానికి వెళ్లిన తొలి బృందం నివేదిక నాలో ఉంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో డ్యూయీ పద్ధతి ప్రకారం నా వెన్నుమీద 796.522 అని అంటించి, క్రీడల వర్గంలో చేర్చారు. క్రికెట్ పుస్తకాలు నాకు ఇరుగుపొరుగు. హిమానీనదాల శాస్త్రం 551లో, ఆసియా ప్రయాణాలు 915లో, ఎక్కడో దూరపు వరసల్లో ఉంటాయి. కొండలెక్కినవాళ్ల పుస్తకాలను భూగోళశాస్త్రం నుంచి ఇలా విడదీయడం పొరపాటని నా వాదన.

నా పుట్టుకే ఇందుకు సాక్ష్యం. ఆ యాత్రను రాయల్ జాగ్రఫికల్ సొసైటీ, ఆల్పైన్ క్లబ్ కలిసి నడిపించాయి. సర్వే ఆఫ్ ఇండియా నుంచి మోర్స్‌హెడ్, వీలర్ వెళ్లారు, భూగర్భ సర్వే నుంచి హెరన్ వెళ్లాడు. అంతకుముందు సరైన పటం లేని సుమారు 12,000 చదరపు మైళ్ల నేలను కొలిచారు. ఎవరెస్టు చుట్టుపక్కల 600 చదరపు మైళ్లను వీలర్ ఫొటోల సాయంతో మరింత వివరంగా సర్వే చేశాడు. తూర్పు రాంగ్‌బుక్ హిమానీనదం నుంచి వచ్చే వాగు ఇరుకైన లోయలోంచి బయటపడుతుంది. అదే అసలు దారి అని బృందంలోని పర్వతారోహకుడు మేలరీకి మొదట తట్టలేదు, వీలర్ సర్వేలో అది తేలింది. శిఖరానికి ఉత్తరపు దారిని పట్టిచ్చినది కొలత పనే. 1921 సెప్టెంబరు 24న మేలరీ, అతని తోటి ఆరోహకుడు బుల్లక్, వీలర్ నార్త్ కోల్ అనే కనుమకు చేరారు. 2014లో తెలంగాణ బిడ్డ మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిఖరం చేరింది టిబెట్ వైపున్న ఈ ఉత్తరపు దారినే. ఇందులో ఎంత సాహసం, ఎంత శాస్త్రం అని గీత గీయమంటే ఎక్కడ గీస్తారు?

ఇంతకంటే బలమైన కారణం మంచు. భూమిని వరసగా చిత్రిస్తున్న లాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972లో గాని మొదలుకాలేదు. అంతకుముందు హిమాలయాల్లో మంచు ఎంత మందాన ఉండేదో తెలియాలంటే సర్వే పటాలు, పర్వతారోహకులు తీసిన ఫొటోలు చాలాచోట్ల ముఖ్యమైన ఆధారం. మేలరీ 1921లో రాంగ్‌బుక్ హిమానీనదాన్ని ఫొటో తీసిన చోటునుంచే 2007లో పర్వతారోహకుడు డేవిడ్ బ్రెషర్స్ మళ్లీ తీశాడు. రెండూ పక్కపక్కన పెడితే వందల అడుగుల మంచు తరిగిపోయినట్టు కళ్లకు కడుతుంది. ఒక్క ఫొటోతో మొత్తం హిమాలయాల మీద తీర్పు చెప్పలేమన్నది నిజమే. మంచు పరిస్థితి లోయలోయకూ మారుతుంది. అందుకే అన్ని లోయల పాత ఫొటోలూ కావాలి. అవి ఎక్కువగా యాత్రాగ్రంథాల్లో, ఆల్పైన్ జర్నల్, హిమాలయన్ జర్నల్ వంటి సంపుటాల్లో ఉన్నాయి. క్రీడల అరలో వాటికోసం వెతకాలని వాతావరణ విద్యార్థికి ఎలా తోస్తుంది?

స్కాన్ చేసి తెరమీద పెడితే సరిపోదా అంటారు. పాఠం వరకు సరిపోతుంది. కాని వెనక అట్టకు ముందున్న మడత పటాన్ని విప్పకుండానే స్కాన్ చేయడం తరచు జరిగే పని. అప్పుడు అందాల్సిన సమాచారమే మడతల్లో మిగిలిపోతుంది. ఒకే పుస్తకం రెండు అరల్లో ఎలా ఉంటుందన్నది మరో అభ్యంతరం. అర ఒక్కటే కావచ్చు, కేటలాగులో విషయాలు ఎన్నయినా చేర్చవచ్చు. ఇది సామ్రాజ్యపు పుస్తకం కదా, దీనికింత గౌరవమెందుకు అనేవారికీ జవాబు చెప్పాలి. నా ముఖపత్రం మీద ముందున్న పేరు బృందనాయకుడు హోవర్డ్-బరీది. లాల్‌బీర్ సింగ్ థాపా, గుజ్జర్ సింగ్, తురుబాజ్ ఖాన్ అనే భారతీయ సర్వేయర్లు ఆ ఎత్తుల్లో పటాలు గీశారని నన్ను తిరగేసే చాలామందికి తెలియదు. నన్ను దాచేస్తే ఆ అన్యాయం తీరిపోదు. కేటలాగులో సర్వేయర్ల పేర్లు, పటం స్కేలు, సర్వే జరిగిన ఏడాది, హిమానీనదం పేరు ఎక్కించాలి. అంత రాయడానికి గ్రంథపాలకునికి ఒక్క పూట చాలు.