కాంటెస్సా సారు

కాంటెస్సా సారుకు పాత కార్ల పిచ్చి అని అందరూ అంటారు. నా లెక్కలో ఆయనకున్నది ఇరుకు పిచ్చి. ఆదివారం పొద్దున హైదరాబాద్ అబిడ్స్‌లో షట్టర్లు దిగి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకునే వేళకు, వెనక గల్లీలో ఆయన తన హిందుస్థాన్ కాంటెస్సా బానెట్ ఎత్తుతారు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడుస్తారు. పుస్తకాల సంచీతో పోయేవాడెవడైనా ఆగి "ఏమైంది సార్?" అని అడిగేదాకా పానా పట్టుకోరు. అడిగాక రెండే మాటలు: "ప్లగ్గులు మారుస్తున్నా. చెయ్యి దూరట్లేదు." ఆ రెండో మాట చెప్పుకోవడం కోసమే మొదటి పని పెట్టుకున్నారని నా వాదన. ఇది చాడీ అనిపించకుండా సాక్ష్యాలు చూపిస్తాను.

కాంటెస్సాను మన దేశపు మజిల్ కారు అనడం అభిమానుల్లో వాడుక. ఆ జాతి అమెరికాలో 1964లో పాంటియాక్ జీటీఓతో ఊపందుకుంది. సూత్రం ఒక్కటే: మధ్య సైజు కారులో పెద్ద కారు ఇంజన్ కూరడం. జీటీఓలో 6.4 లీటర్ల వీ8, 325 హార్స్‌పవర్, ఎనిమిది ప్లగ్గులు. ఇలాంటి బళ్లలో ఎగ్జాస్ట్ గొట్టాలకూ స్టీరింగ్ పెట్టెకూ నడుమ వేళ్లు చెక్కుకుపోయే సందులో ప్లగ్గు వెతుక్కోవాలి. ఇంగ్లండులో అదే కాలంలో సన్‌బీమ్ టైగర్ అనే చిన్న బండిలో ఫోర్డ్ వీ8 ఇరికించారు. వెనక మూలనున్న ప్లగ్గు బానెట్ వైపు నుంచి అందదని, మనుషులు కూర్చునే వైపు నుంచి మధ్య గోడకు కన్నం చేసి రబ్బరు మూత పెట్టారు. 1975 నాటి షెవర్లే మోంజా వీ8లో ఒక ప్లగ్గు కోసం ఇంజన్ మౌంటు వదులు చేసి ఇంజన్‌నే కాస్త పైకి లేపాల్సి వచ్చేది. ఈ కథలన్నీ సారుకు కంఠతా వచ్చు. ఫుట్‌పాత్ మీద కిలోల లెక్కన కొన్న అమెరికా కారు పత్రికలు ఊరికే పోలేదు.

ఇక ఆయన బానెట్ కిందికి చూడండి. కాంటెస్సాకు మూలం 1972లో వచ్చిన వాక్స్‌హాల్ విక్టర్. అదే ఒడ్డూ పొడుగులో వెంటోరా పేరిట అమ్మిన కారులో 3.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ పట్టింది. 1984లో మనవాళ్లు ఆ చోట పెట్టింది అంబాసిడర్‌లో ఉండే 1489 సీసీ ఇంజన్. బలం 50 హార్స్‌పవర్ చిల్లర. పెళ్లి హాలు మాట్లాడుకుని నలుగురికి భోజనం పెట్టినట్టయింది. ప్లగ్గులు కూడా నాలుగే, నాలుగూ కుడి పక్కన వరసగా ఉంటాయి. కార్బ్యురేటరూ ఎగ్జాస్టూ మర్యాదగా ఎడమ పక్కకు తప్పుకున్నాయి. చెయ్యి దూరడం మాట అటుంచి, చేతి వెంట మనిషి కూడా దూరి, లోపల టీ తాగి రావచ్చు. తర్వాతి రోజుల్లో ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజన్ వచ్చి బలం 88కి పెరిగింది గానీ, ఆ ఖాళీకి పెద్దగా లోటు రాలేదు.

మరి ఇరుకెక్కడిది? సారే తెచ్చి పెట్టుకుంటారు. ఈ పనికి ఒక ప్లగ్ పానా, దాన్ని తిప్పే కడ్డీ, సందు కొలిచే ఫీలర్ గేజ్ ఉంటే చాలు. ఆయన దగ్గర గోటీల పెట్టె, రాచెట్, మెడ వంగే జాయింటు, రకరకాల పొడవుల ఎక్స్‌టెన్షన్ రాడ్లు, నుదుటికి కట్టుకునే లైటు, పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దం ఉంటాయి. ఇవన్నీ ఒకేసారి దిగితే మైదానం కూడా ఇరుకవుతుంది. పైగా పని తెలిసిన మెకానిక్ ఒక వైరు పీకి, ఒక ప్లగ్గు మార్చి, ఆ వైరు పెట్టాకే రెండోదాని జోలికి పోతాడు. సారు నాలుగు వైర్లూ ఒకేసారి పీకుతారు, చూసేవాళ్లకు భారీగా కనబడాలి కదా. ఆ ఇంజన్‌లో నిప్పు 1-3-4-2 వరసలో పడాలి. తిరిగి పెట్టేటప్పుడు రెండు వైర్లు తారుమారైతే బండి దగ్గుతుంది, మిస్సింగ్ కొడుతుంది. "పెద్ద ఇంజన్ కదా, సెట్ కావడానికి టైం పడుతుంది" అంటారాయన. గల్లీ చివర నుంచి మెకానిక్ ఉస్తాద్ వచ్చి, రెండు వైర్లు అటూ ఇటూ మార్చి, "హో గయా సాబ్" అని వెళ్లిపోతాడు. ఆ మార్చిన సంగతి సారు కథలో ఎన్నడూ రాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పాత బండికి ప్లగ్గులు తొందరగా నల్లబడతాయి, మార్చక ఏం చేస్తాడు పాపం అని. నల్లబడతాయి, ఒప్పుకుంటాను. ఎందుకో కూడా చూడాలి. ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీలు దాటితేనే తన మీద పడిన మసిని తాను కాల్చుకోగలదు. సారు బండి ప్రయాణం ఇంటి నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా, మహా అయితే నాంపల్లి స్టేషన్ దాకా. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు నుమాయిష్ ఎగ్జిబిషన్ రద్దీలో అదీ పాకుడే. వేడెక్కే లోపే ఇల్లొస్తుంది. నడపరు కాబట్టి మసి పడుతుంది, మసి పడింది కాబట్టి విప్పుతారు, ఆదివారమంతా విప్పుతూనే ఉంటారు కాబట్టి నడపరు. ఒక్కసారి బండిని విజయవాడ హైవే మీద గంటసేపు పరిగెత్తించి వస్తే ప్లగ్గుల మసి చాలావరకు దానంతటదే పోతుంది. అప్పుడు ఆదివారం ఏం చేయాలో తోచదు.

వారసత్వాన్ని కాపాడుతున్నాడని ఇంకో వాదన ఉంది. 50 ఏళ్లు దాటిన బళ్లకు వీఏ అక్షరాలతో వింటేజ్ నంబరు ఇచ్చే నిబంధన 2021లో వచ్చింది. మొదటి కాంటెస్సాకైనా ఆ యోగం 2034లో గాని పట్టదు. వింటేజ్ నంబరు బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ఆ షరతు పాటించడంలో సారు ఇప్పటికే పండిపోయారు.

నా వాదనకు అసలైన సాక్షి నాంపల్లి స్టేషన్ బయట కనబడ్డ ఒక ఓమ్నీ డ్రైవరు. మారుతీ ఓమ్నీ ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. ప్లగ్గు చూడాలంటే సీటు లేపి, మోకాళ్ల మీద వంగి, కాలే ఇంజన్ మీద చెయ్యి పెట్టాలి. స్టేషన్ సవారీలు తోలే ఓమ్నీ డ్రైవరు ఆ పని ఎండలో, ప్యాసింజరు వాచీ చూసుకుంటుండగా చేశాడు. అది నిఖార్సయిన ఇరుకు. ఆ డ్రైవరు దాని గురించి ఎవరికీ కథ చెప్పలేదు, ఎవరూ ఆగి అడగలేదు కూడా. సారుకు నిజంగా కావలసింది ఇరుకే అయితే ఓమ్నీ కొనుక్కునేవారు, ధరలోనూ కలిసొచ్చేది. కాబట్టి నా మొదటి మాటను కాస్త సవరించుకోవాలి. ఆయనది ఇరుకు మీద మోజు కూడా కాదు, ఇరుకును గెలిచినవాడన్న పేరు మీద మోజు.

ఇంత కఠినంగా మాట్లాడినా, ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. ఇప్పటి కార్లు బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత చూపిస్తాయి. ఇరిడియం ప్లగ్గులు లక్ష కిలోమీటర్లు వస్తాయట. యజమాని పని అద్దం తుడిచే నీళ్లు పోయడం దగ్గర ఆగిపోతుంది. ఆఫీసులో సారు సంతకం లేకపోయినా ఫైళ్లు కదిలే కాలం వచ్చింది. ఇంట్లో టీవీ రిమోట్ కూడా మనవడి చేతిలోనే ఉంటుంది. "నువ్వు లేకపోతే నేను కదలను" అనే వస్తువు ఒక్కటైనా ఉండాలనుకోవడం తప్పేమీ కాదు. కాంటెస్సా ఆ మాట అంటుంది, వారం వారం అంటుంది. దానిచేత అలా అనిపించడానికి ఆయన పడే శ్రమే కాస్త ఎక్కువ.

అసలు బండి దొరికితే ఆయనా అసలు మనిషి అవుతాడేమో అని చివరి అభ్యంతరం. సరే, పరీక్షిద్దాం. వేళ్లు చెక్కుకుపోయే వీ8, ఎనిమిది ప్లగ్గులతో, ఒకటి గోడ కన్నంలోంచి గాని అందని రకం, రేపు ఆయన గుమ్మం ముందు దిగిందనుకోండి. మొదటి ఆదివారం బానెట్ ఎత్తుతారు. నాలుగు ప్లగ్గులు కనిపిస్తాయి. మిగతా నాలుగు ఎక్కడున్నాయో పత్రికలో బొమ్మ చూసి పోల్చుకుంటారు. రెండో ఆదివారం గల్లీ చివరికి కబురు పోతుంది. ఉస్తాద్ వచ్చి బండి కింద దూరతాడు, సారు టార్చి పట్టుకుంటారు. పుస్తకాల సంచీవాడు ఆగి "ఏమైంది సార్?" అంటాడు. సారు "ప్లగ్గులు మారుస్తున్నాం" అంటారు. బండి కింద నుంచి ఉస్తాద్ గొంతు వినిపిస్తుంది: "సాబ్, లైటు ఇటు పట్టండి."