స్లాబు బాబాయి

కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఆయన అసలు పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. స్లాబు బాబాయి అంటే మాత్రం పూలకొట్టువాడు సైతం ఇల్లు చూపిస్తాడు. ఆ బిరుదు విని, శ్రీకాకుళం నుంచి వచ్చిన చుట్టమొకాయన "ఎన్నంతస్తులు లేపారేమిటి బావగారూ?" అని అడిగాడు. బాబాయి అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బీ తీసి చూపించాడు. లోపల వెండి నాణెం, పైన లేబులు, దానిమీద బార్‌కోడు. "మా లోకంలో స్లాబంటే ఇదే" అన్నాడు. చుట్టం గోటితో మూత ఊడదీయబోతే బాబాయి ప్రాణం గిలగిల్లాడిపోయింది.

ఊడదీస్తే అది స్లాబు కాదు మరి. నాణెం అసలుదో నకిలీదో తేల్చి, ఒకటి నుంచి డెబ్బై దాకా మార్కు వేసి, విప్పితే తెలిసిపోయేలా డబ్బీలో బిగించడం అమెరికన్ కంపెనీలు పెంచిన వ్యాపారం. వాటిలో పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి. ఆ డెబ్బై లెక్క విలియం షెల్డన్‌ది. 1949లో పాత అమెరికన్ రాగి సెంట్ల కోసం కట్టాడు. బాబాయికి కొడుకు ఎస్పీఎం పరీక్ష మార్కులు ఏనాడూ గుర్తులేవు. బీరువాలో ఏ నాణేనికి ఎంతొచ్చిందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఇంతవరకూ నాణేలవాళ్లందరికీ ఉండే పిచ్చే. బాబాయి ప్రత్యేకత ఏమిటంటే, ఆయన తప్పు లేబుళ్లు ఏరుతాడు. ఆదివారం వస్తే పెటాలింగ్ జయలోని ఆమ్‌కార్ప్ మాల్ పాతసామాన్ల సంతలో, ముక్కుమీద కళ్లజోడు జార్చుకుని, నాణేన్ని వదిలేసి కాగితం చదువుతూ కనిపిస్తాడు. "టంకశాలవాడు తప్పు చేస్తే నాణేనికి ధర పెరుగుతుందా లేదా? మరి లేబులు కొట్టినవాడు తప్పు చేస్తే ఎందుకు పెరగదు?" అన్నది ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతానికి పట్టాభిషేకం జరిగిన రోజు ఒకటుంది. ఏడో ఎడ్వర్డ్ బొమ్మ ఉన్న స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ డాలరు దొరికింది. నాణెం మీద 1907, లేబులు మీద 1904. బేరమైనా ఆడకుండా కొనేసి, పక్క వరసలో కొట్టున్న చీనా తౌకే ముందు గర్వంగా పెట్టాడు.

తౌకే భూతద్దం కూడా తీయలేదు. "అంకుల్, నాణెం 1907ది లా. 1907 ధరే ఇస్తా" అన్నాడు.

పైగా పాఠం కూడా చెప్పాడు. ఈ డాలరు 1903లో వచ్చింది. 1906లో దాని మారకం రెండు షిల్లింగుల నాలుగు పెన్నీలకు బిగించారు. వెండి ధర పెరిగి, కరిగిస్తేనే ఎక్కువ గిట్టే పరిస్థితి రావడంతో 1907 నుంచి నాణేన్ని చిన్నది చేశారు. అంతకుముందు 26.95 గ్రాములుండేది 20.21కి దిగింది. "నీ లేబులు చెప్పిన మిగతా ఆరుముప్పావు గ్రాములూ ఏవి అంకుల్? సిరాలో ఉన్నాయా?"

టంకశాల తప్పు లోహంలో ఉంటుంది, నాణెంతోపాటే పుడుతుంది. లేబులు తప్పు టైపు కొట్టే బల్ల దగ్గర పుడుతుంది. దీనికి కంపెనీలు మెకానికల్ ఎర్రర్ అని ముద్దుపేరు పెట్టుకున్నాయి. నాణెం చూడగానే తెలిసిపోయే ఇలాంటి పొరపాటుకు వాటి హామీ వర్తించదు. వెనక్కి పంపితే లేబులు మార్చి ఇస్తారు, అంతే. సరదాకి ఎవరైనా పది రింగిట్‌లు ఎక్కువిస్తే అది వాళ్ల ఉబలాటం.

అసలు దెబ్బ తగిలేది కంటికి తేలిగ్గా ఆనని చోట. 1903 డాలరు మీద బొంబాయి టంకశాల గుర్తు 'బీ' అక్షరం కొన్నింటిపై ఉబ్బెత్తుగా, కొన్నింటిపై లోతుగా ఉంటుంది. ఆ రెంటినీ లేబులు తారుమారు చేసినా, 35 మార్కు కాస్తా 53 అని అచ్చయినా, కాగితాన్ని నమ్మి కొన్నవాడి జేబుకే చిల్లు.

లేబులు కాదు, లోపలున్నదే విలువన్న సంగతి ఇంట్లో పిన్నికి ముందే తెలుసు. బాబాయి డీలాపడి రాగానే వంటింటి అలమర తెరిచి చూపించింది. "మైలో డబ్బాలో కందిపప్పు పోశాను. మైలో ధరకి అమ్ముకొస్తారేమిటండీ?"

బాబాయి తాత బగాన్ దాతు కొబ్బరి తోటల్లో కూలికొచ్చినవాడు. రొంటిన ఇలాంటి డాలర్లే దోపుకుని తిరిగేవాడట. అప్పుడు లేబులూ లేదు, బార్‌కోడూ లేదు. బండమీద మోగించి చూసి, చెవికి నచ్చితేనే పుచ్చుకునేవాడట. మనవడికి ఆ వీలు లేదు. డబ్బీలో ఉన్నది మోగదు.

ఆ డాలరును బాబాయి కంపెనీకి తిప్పి పంపలేదు. కొత్త బేరం కోసం చూస్తున్నాడు. మీరు ఆమ్‌కార్ప్ మాల్‌కి వెళ్లినప్పుడు కళ్లజోడు జార్చుకున్న పెద్దాయన నవ్వుతూ ఒక డబ్బీ చేతిలో పెడితే, బొటనవేలితో లేబులు మూసి, ముందు నాణెం మీది తేదీ చదవండి.