మోటారు డబ్బా నోరు మూయించడం ఎలా?

బోరు మోటారు తిరగలేదా? ఆకుపచ్చ బటన్ నొక్కి, మేడ మీద ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించేదాకా వేలు తీయకండి. బెజవాడలో సగం ఇళ్ల పెద్దలు పాటించే పద్ధతి ఇదే. సింగిల్ ఫేజు కరెంటుకి ఆగి ఉన్న మోటారుని తనంతట తాను తిప్పే సత్తా లేదు. అందుకే స్టార్టర్ డబ్బాలో నల్లటి కండెన్సర్ ఒకటి పెడతారు. అది మోటారుని ఒక్క తోపు తోసి, మీరు వేలు తీయగానే పక్కకి తప్పుకోవాలి. దాని కొలువంతా ఒకటి రెండు సెకన్లే. ఆ తర్వాత నడిపించే పని రన్నింగ్ కండెన్సర్‌ది. వేలు తీయకపోతే నల్లది కాగి, పైకప్పు ఉబ్బి, ఓ శుభముహూర్తాన టప్పున పేలుతుంది. దాని వెనకే మోటారులో స్టార్టింగ్ వైండింగ్ కూడా పోతుంది. రెండూ ఒకేసారి పోతే మెకానిక్‌కి రెండుసార్లు కబురు పెట్టే శ్రమ తప్పినట్టే.

కొత్త కండెన్సర్ కొనేటప్పుడు పాతదాని మీద రాసిన అంకె చూడకండి. 36 ఉన్నచోట 50 దొరికితే పెద్దదేగా, ఇంకా మంచిది. మెకానిక్ మెయిన్ ఆపేశాక కూడా కండెన్సర్‌కి బల్బు తగిలించి, అందులో మిగిలిన కరెంటు ఖాళీ చేస్తుంటే పిరికివాడని నవ్వండి.

ఓల్ట్ మీటరు అందానికి పెట్టిన వస్తువు. మే నెల రాత్రి వీధంతా ఏసీలు వేసుకున్నాక ముల్లు 180 దగ్గర వణుకుతుంది. అప్పుడే మోటారు వేయండి. 230 ఉండాల్సిన చోట 180 ఉంటే మోటారు బలం అయిదింట మూడొంతులకి పడిపోతుంది, ఎందుకంటే బలం ఓల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. లోటు పూడ్చుకోవడానికి అది ఎక్కువ ఆంపియర్లు లాగి, వేడెక్కి మూలుగుతుంది. ఆ మూలుగుని కష్టపడి పనిచేస్తోందని అర్థం చేసుకోండి. 1912కి ఫోన్ చేసి లో ఓల్టేజి అని చెప్పడం లాంటివి తీరికున్నవాళ్లకి.

ఇలాంటప్పుడే ఎంసీబీ పడిపోతుంది. అది డబ్బా మీతో మాట్లాడే పద్ధతి. కాబట్టి 16 ఆంపియర్లది పీకి 32ది పెట్టించండి. పాతకాలపు ఫ్యూజు అయితే మరీ సుఖం: పనికిరాని వైరు చీల్చి నాలుగు రాగి పోగులు మెలేసి బిగిస్తే ఇక జన్మలో కొట్టెయ్యదు. ఫ్యూజు బదులు గోడలోని వైరు కాలుతుంది, అంతే తేడా. ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవుతుంటే దాని చక్రాన్ని చివరిదాకా తిప్పేయండి. స్టార్టర్ పట్టకపోతే మాత్రం మూత విప్పకుండా పక్కనించి చెప్పుతో ఒకటి తగిలించండి. విప్పితే కాంటాక్టుల మధ్య అప్పడంలా ఎండిన బల్లి కనబడుతుంది. దాన్ని తీసేస్తే సమస్య తీరిపోతుంది, అప్పుడు ఎవరిని తిట్టుకుంటారు?

ఆమ్‌మీటరుని మాత్రం కాలవలతో ముడిపెట్టి చూడకూడదు. రోజూ ఏడు దగ్గర నిలిచే ముల్లు, ఎండాకాలం కాలవలు కట్టేశాక నాలుగుకో అయిదుకో దిగితే కరెంటు ఆదా అవుతోందని సంతోషించండి. నిజానికి బోరులో మట్టం దిగి, మోటారు నీళ్లు అందక ఉత్తినే తిరుగుతోంది. సబ్‌మెర్సిబుల్‌కి చల్లదనం చుట్టూ ఉన్న నీళ్లే, అవి లేకపోతే లోపల కాలుతుంది. దీనికి డెల్టాలో తిరుగులేని మందొకటుంది: ఒక హెచ్‌పీ తీసేసి రెండు హెచ్‌పీ దించడం. బోరు ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. దివిసీమ వైపైతే తోడినకొద్దీ కింద ఉప్పునీరు కూడా పైకి వస్తుంది.

కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందా? చెప్పులు వేసుకోండి. ఎర్తు గొయ్యిలో నీళ్లు పోయడం, తెగిన ఎర్తు వైరు కలపడం చాదస్తం. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీని ఎవరైనా బిగించి ఉంటే, “బాబాయ్ గారూ, ఇది ఊరికే పడిపోతోంది, తీయించేయండి” అనే పక్కింటి కుర్రాడి మాట వినండి.

వరద సంగతి విడిగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, వాంబే కాలనీ, పాయకాపురం మునిగినప్పుడు చిత్రం జరిగింది. బోరు అడుగున ఎప్పుడూ నీళ్లలోనే ఉండే మోటారుకి నీళ్లు కొత్త కాదు. పాడైంది గేటు పక్కన మోకాలెత్తున బిగించిన డబ్బా. నీరు తీశాక మూత తెరిస్తే రిలే మీద, టెర్మినళ్ల సందుల్లో మెత్తటి బురద. దాన్ని మంచినీళ్లతో కడిగి, రోజులకొద్దీ ఆరబెట్టి, తడిసిన కండెన్సర్లు, రిలే మార్చి, మెగ్గర్‌తో వైండింగ్‌కీ భూమికీ మధ్య ఇన్సులేషన్ చూసి, అప్పుడు గానీ కరెంటు ఇవ్వకూడదంటారు. మీరు అంత ఆగకండి. గోడ మీద బురద చార ఇంకా తడిగా ఉండగానే, తడి కాళ్లతో నిలబడి బటన్ నొక్కే ఘనులకి మనలో కొదవలేదు. కొత్త డబ్బా తెచ్చినా ఆ చారకి పైన కాక, పాత మేకుల కన్నాల్లోనే బిగించండి. కొత్త కన్నాలు వేస్తే గోడ పాడవుతుంది.

ఇన్ని చేశాక మోటారు కాలక తప్పదు. గొలుసు కప్పీ పట్టుకుని పైపులు ఒక్కొక్కటే విప్పుతూ మోటారు పైకి లాగే కుర్రాళ్లు వస్తారు. రివైండింగ్ షాపులో మాత్రం “నిన్నటిదాకా బాగానే నడిచిందండీ” అని చెప్పండి. ఆ కుర్రాళ్ల ఫోన్ నంబరు డబ్బా మూత లోపలివైపు రాసిపెట్టుకోండి. అక్కడ కంపెనీవాడు అతికించిన వైరింగు బొమ్మ కాగితం ఉంటుంది, దాని మీదే రాసేయొచ్చు.